బండి విప్పి చదువుకున్న నాయుడు

జి.డి. నాయుడికి బడి అచ్చిరాలేదు. 1893లో కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. చదువు ప్రాథమిక స్థాయి దాటలేదు. కుర్రతనంలో ఓ బ్రిటిష్ అధికారి నడిపిన రడ్జ్ మోటార్‌సైకిల్ ఆయన మనసు లాగేసింది. హోటల్లో సర్వర్‌గా పనిచేసి, డబ్బు కూడబెట్టి అదే బండి కొన్నారు. షికార్లు తర్వాత, ముందు నట్టు నట్టూ విప్పి, మళ్లీ బిగించారు. ఇంజినీరింగ్‌లో ఆయనకున్న పట్టా అదొక్కటే!

1920లో ఒక్క బస్సుతో, తానే స్టీరింగ్ పట్టి పొల్లాచ్చి-పళని సర్వీసు మొదలుపెట్టారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా పెద్దదైంది. బస్సులు పెరిగితే రిపేర్లూ పెరుగుతాయి. ఆ అవసరం నుంచే ఇంజిన్ బ్లాకుల్లో పగుళ్లు పట్టే పరికరం పుట్టింది. 1937లో డి. బాలసుందరంతో కలిసి దేశీయ ఎలక్ట్రిక్ మోటార్ చేశారు.

1952లో ఇద్దరు కూర్చునే పెట్రోల్ కారు తయారైంది. ధర 2,000 రూపాయలే. అప్పటికే 1951 పరిశ్రమల చట్టం వచ్చింది, కార్లు చేయాలంటే కేంద్రం లైసెన్సు కావాలి. అది రాలేదు. కారు షెడ్డుకే పరిమితమైంది.

నాయుడు 1974లో కన్నుమూశారు. మధ్యతరగతి కొనగలిగిన చిన్నకారుగా మారుతి 800 రోడ్డెక్కింది 1983లో.