ఆగస్టా డెజెరీన్ క్లంప్కే

ఆగస్టా డెజెరీన్ క్లంప్కే (అక్టోబరు 15, 1859 - నవంబరు 5, 1927) అమెరికాలో జన్మించి ఫ్రాన్సులో స్థిరపడిన సుప్రసిద్ధ నాడీ వైద్యురాలు. మెడ వద్ద నరములు దెబ్బతిన్నపుడు అరచేయి, వ్రేళ్ళు చచ్చుబడే ఒక విధమైన పక్షవాతమును ఈమె వివరించినది. ఆ దెబ్బ ఎక్కడ తగిలినదో రోగి కంటిని చూసి ఊహించవచ్చునని నిరూపించినది. ఈ వ్యాధికి క్లంప్కే పక్షవాతమనే పేరు స్థిరపడినది.

బాల్యము, కుటుంబము

ఈమె శాన్‌ఫ్రాన్సిస్కో నగరములో జన్మించినది. తండ్రి జర్మనీ నుండి వలస వచ్చినవాడు. తల్లిదండ్రులు విడిపోయిన పిమ్మట తల్లి పిల్లలను ఐరోపాకు తీసుకొనిపోయి, ఆడపిల్లలందరికీ ఉన్నత విద్య చెప్పించినది. అక్క అన్నా చిత్రకారిణిగాను, చెల్లెళ్ళలో డొరొతియా ఖగోళ శాస్త్రవేత్తగాను, జూలియా వయొలిన్ విద్వాంసురాలిగాను పేరు పొందారు. 1877లో కుటుంబము పారిస్ చేరినది. ఆగస్టా అక్కడ వైద్యవిద్యను అభ్యసించినది.

ఆసుపత్రి ప్రవేశమునకు పోరాటము

ఆనాడు పారిస్‌లో స్త్రీలు వైద్య పట్టా పొందవచ్చును గాని, ఆసుపత్రులలో ఇంటర్న్ పదవికి జరిగే పోటీ పరీక్షకు కూర్చొనే హక్కు వారికి లేదు. ఆ పదవి పొందనివారికి వైద్యరంగములో పైమెట్టు ఎక్కుట మిక్కిలి కష్టము. ఆగస్టా, ఆమె సహాధ్యాయిని బ్లాంష్ ఎడ్వర్డ్స్ ఈ నిషేధముపై పోరాడారు. వైద్యులలోను, విద్యార్థులలోను అనేకులు వ్యతిరేకించినను 1885లో ప్రభుత్వాధికారులు అనుమతినిచ్చారు. మరుసటి యేడు పరీక్షలో నెగ్గి, పారిస్ ఆసుపత్రులలో ఇంటర్న్‌గా ఎంపికైన తొలి మహిళగా ఆగస్టా చరిత్రకెక్కినది.

పరిశోధన

వెన్నుపాము నుండి బయలుదేరిన ఐదు ముఖ్య నరములు మెడ క్రింద అల్లికగా ఏర్పడి చేతికి వచ్చును. ఈ అల్లికను బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. పై నరములు దెబ్బతిన్నచో భుజము, మోచేయి చచ్చుబడునని డుషేన్, ఎర్బ్ అను వైద్యులు అంతకు మునుపే వివరించారు. క్రింది రెండు నరముల సంగతిని ఆగస్టా 1885లో తేల్చినది. అప్పటికి ఆమె ఇంకను విద్యార్థిని.

క్రింది నరములు దెబ్బతిన్నచో భుజము కదులును గాని పిడికిలి బిగియదు. కొందరిలో అదే వైపు కంటిపాప చిన్నదగును, పై రెప్ప కొంత వాలును. కంటికి పోవు సన్నని నాడీతంతువులు ఛాతీలోని మొదటి నరము మూలము గుండా వెలుపలికి వచ్చుటయే దీనికి కారణమని ఆమె జంతువులపై ప్రయోగములు చేసి నిరూపించినది. కనుక కంటిలో ఈ మార్పు కనిపించినచో దెబ్బ వెన్నుపాముకు చేరువలోనే తగిలినదని గ్రహించవచ్చును. ఈ కృషికి 1886లో ఫ్రెంచి వైద్య అకాడమీ బహుమతి లభించినది.

వివాహము, తరువాతి జీవితము

1888లో నాడీ వైద్యుడు జూల్స్ డెజెరీన్‌ను వివాహమాడినది. వీరికి ఒక కుమార్తె. 1889లో సమర్పించిన సిద్ధాంత వ్యాసములో సీసపు విషము వలన కలిగే పక్షవాతములను చర్చించినది. మెదడు, వెన్నుపాముల నిర్మాణముపై దంపతుల కృషి ఫలితముగా వెలువడిన బృహద్గ్రంథము (1895, 1901) ప్రామాణికముగా నిలిచినది. 1901లో ఫ్రెంచి నాడీశాస్త్ర సంఘములో తొలి మహిళా సభ్యురాలై, 1914లో దానికి అధ్యక్షురాలైనది. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, 1917లో భర్త మరణించిన తరువాత కూడా, నరములు, వెన్నుపాము గాయపడిన సైనికులకు సేవలందించినది. 1927లో పారిస్‌లో మరణించినది.

నేటి ప్రాముఖ్యత

క్లంప్కే స్వయముగా శస్త్రచికిత్సలు చేయలేదు. అయినను నరముల మార్పిడి చేయు వైద్యులకు ఆమె చూపిన గుర్తు నేటికీ దారి చూపుచున్నది. తెగిన నరమును కుట్టవచ్చును గాని, వెన్నుపాము నుండి ఊడివచ్చిన నరమును తిరిగి అక్కడ అతికి పనిచేయించుట సాధారణ చికిత్సలో సాధ్యము కాదు. అట్టివారికి, పనిచేయుచున్న వేరొక నరము నుండి కొంత భాగమును తీసి, చచ్చుబడిన కండరపు నరమునకు కలుపుతారు. 1994లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఒబెర్లిన్ ప్రకటించిన పద్ధతిలో అరచేతికి పోవు నరములోని ఒక పాయను మోచేతిని ముడిచే కండరమునకు కలుపుతారు. క్రింది నరములు చెడిన క్లంప్కే పక్షవాతములో ఆ పద్ధతి పనికిరాదు. అక్కడ మోచేయి వద్ద పై నరముల శాఖలను వ్రేళ్ళ నరములకు మళ్ళిస్తారు.

నరము రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగును. ఏడాది, ఏడాదిన్నర దాటినచో కండరము తిరిగి పనిచేయు శక్తిని కోల్పోవును. మెడ నుండి అరచేయి చాలా దూరము కనుక వ్రేళ్ళకు పట్టు తెప్పించుట అన్నిటికంటె కష్టము. ఈ కారణముచే సాధారణముగా ఆరు నెలలలోపే శస్త్రచికిత్స జరుగుట మేలు.

మన దేశములో పెద్దవారికి ఇట్టి గాయములు ఎక్కువగా ద్విచక్ర వాహన ప్రమాదముల వలన కలుగుచున్నవి. మందమర్రి వంటి సింగరేణి బొగ్గుగని పట్టణములలో, చేతి పట్టుపైనే జీవనోపాధి ఆధారపడిన కార్మికునికి వ్రేళ్ళు చచ్చుబడుట బ్రతుకుతెరువు పోవుటయే. ప్రమాదము తరువాత చేయి లేవకున్నను, పిడికిలి బిగియకున్నను, అదియే నయమగునని నెలల తరబడి వేచియుండక వైద్యునికి చూపించుట అవసరము.