హ్యూము మహాశయుని పక్షి పత్రిక

భారత జాతీయ మహాసభకు మూలపురుషులలో అగ్రగణ్యుడుగ ఆలన్ ఆక్టేవియన్ హ్యూము పేరును మన పాఠశాల బాలురు సైతము ఎరుగుదురు. 1885వ సంవత్సరము డిసెంబరు నెలలో బొంబాయి నగరమున 72 మంది ప్రతినిధులు సమావేశమగుటకు ఆయన పూనికయే ముఖ్యకారణమని చరిత్రకారులు వ్రాయుచున్నారు. కాని, అంతకు పదేండ్లకు పైబడి పూర్వమే ఆయన మరియొక సభను నడపుచుండెననియు, దానికి మందిరము గాని అధ్యక్షుడు గాని తీర్మానములు గాని లేవనియు, దేశము నలుమూలల నున్న దాని సభ్యులు ఉత్తరముల ద్వారముననే ఒకరినొకరు ఎరిగియుండిరనియు, వారి చర్చావిషయము పక్షులేయనియు తెలిసినవారు మనలో కొలదిమంది. ఆ చరిత్రను నేడు మా పాఠకులకు నివేదింప దలచితిమి. అది ఒక దొరగారి వినోద వృత్తాంతము మాత్రము కాదు. చెదరియున్న మనుష్యుల యెరుకను ఒకచోట కూర్చినచో అది యెంతటి శక్తి యగునో తెలుపు పాఠము.

హ్యూము 1829వ సంవత్సరము జూను నెలలో జన్మించెను. ఆయన తండ్రి జోసెఫ్ హ్యూము ఆంగ్ల పార్లమెంటులో పేరుమోసిన సంస్కరణవాది. కుమారుడు హైలీబరీలోని కంపెనీ కళాశాలలో చదివి, కొంత వైద్యవిద్యను సైతము అభ్యసించి, 1849లో మన దేశమునకు వచ్చి వంగరాష్ట్రపు సివిలు ఉద్యోగమున ప్రవేశించెను. యమునాతీరమందలి ఇటావా జిల్లాకు అధికారియై ఉచిత పాఠశాలలను స్థాపింప బూనగా, 1857 జనవరి నాటికి వాని సంఖ్య 181కి పెరిగెను. ఆ సంవత్సరముననే మహావిప్లవము చెలరేగెను. హ్యూము పాలకుల పక్షమున నిలిచి విప్లవకారులతో పోరాడెను. ఈ సంగతిని మరుగుపరచుట మా యభిమతము కాదు. అయితే విప్లవము అణగిన పిమ్మట పలు జిల్లాలలో చెట్టుచెట్టున ఉరిత్రాళ్ళు వ్రేలాడిన ఆ దినములలో, తన జిల్లాయందు శిక్షలను మితముగ నడపెనన్న కీర్తియు ఆయనకు దక్కెను.

1867లో ఆయనకు అంతర్దేశ సుంకముల కమీషనరు పదవి లభించెను. ఉప్పుపన్ను ఎగవేతను అరికట్టుటకై ప్రభుత్వమువారు దేశమునకు అడ్డముగ వేల మైళ్ళ పర్యంతము ముండ్లకంచెను పెంచి, కావలివారిని నిలిపిన కాలమది. ఆ కంచెను బలపరచుటకు పాటుపడినవాడు ఈ హ్యూము మహాశయుడే! బీదవాని యుప్పునకు కావలి కాచిన యా చేతులే తరువాత మహాసభకు పునాదిరాయి నుంచినవి. ఆ మహాసభయే 1930లో దండి సముద్రతీరమున ఉప్పుచట్టమును ధిక్కరించినది. విధివిలాసము విచిత్రమైనది గదా! కాని యా కంచె వెంబడి చేసిన దీర్ఘప్రయాణములే ఆయన పక్షివిద్యకు పెద్దబడి యైనవి. గుర్రముపై పోవుచు, గుడారములలో మసలుచు, ఆయన ఎడారిపిట్టలను, చిత్తడినేలల కొంగలను, వలసబాతులను పరిశీలించి, లెక్కకు మిక్కిలిగ సేకరించెను.

1871లో ప్రభుత్వమువారు నూతనముగ నేర్పరచిన రెవెన్యూ, వ్యవసాయ, వాణిజ్య శాఖకు ఆయన కార్యదర్శి యయ్యెను. సిమ్లాలో జాకూ కొండపై రాత్నీ కాజిల్ అను భవనమును కొని, అందొక పక్షి ప్రదర్శనశాలను నెలకొల్పెను. అంతకు మున్నే, 1869లో, పక్షులను గూర్చియు వాని గ్రుడ్లను గూర్చియు తన చిత్తుపుస్తకమును అచ్చువేయించెను. భారతదేశమందలి సకల పక్షులను గూర్చి ఒక మహాగ్రంథమును రచింపవలెనని ఆయన సంకల్పము. అది ఒక్కని వలన కాదని ఆయన మొదటనే గ్రహించెను. సింధు నుండి బర్మా వరకు, హిమాలయము నుండి సింహళము వరకు, ఏ పక్షి యెక్కడ నున్నదో, ఏ మాసమున గూడు కట్టునో, ఎన్ని గ్రుడ్లు పెట్టునో, ఎప్పుడు వచ్చి యెప్పుడు పోవునో ఒక్కడెట్లు చూడగలడు? చూచువారు వేయిమంది కావలెను, చూచినది వ్రాయవలెను, వ్రాసినది ఒకచోట చేరవలెను.

ఈ యూహ నుండి పుట్టినదే 1872లో ఆయన ఆరంభించిన పక్షిశాస్త్ర పత్రిక. దానికి ఆయన పెట్టిన పేరు స్ట్రే ఫెదర్స్, అనగా చెదరిన యీకలు. పేరే దాని ధర్మమును తెలుపుచున్నది. రహదారుల ఇంజనీరు, రైలుమార్గపు ఉద్యోగి, దండులోని వైద్యుడు, అడవిశాఖ అధికారి, తేయాకు తోటల యజమాని, ఇట్టివారు తమ కంటబడిన దానిని అందు ప్రకటించుచుండిరి. బర్మాలో పనిచేయుచుండిన ఓట్సు, ఉత్తరదేశమున రైలుమార్గపు పనిలో నుండిన బ్రూక్సు మున్నగువారు ఆ బృందములోని వారే. ఒకరు తమ జిల్లా పక్షుల పట్టికను పంపుదురు. మరియొకరు అందలి తప్పును చూపుదురు. ఇంకొకరు ఆ పక్షియే తమ సీమలో వేరొక కాలమున వచ్చుచున్నదని తెలుపుదురు. హ్యూము వారి జాబులన్నిటిని చదివి, పోల్చి, సందేహించి, మందలించి, మెచ్చుకొని ప్రకటించును. పత్రిక పుటలలో ఆయన కలము కరకుదనమునకు లోనుకానివారు అరుదు. ఆయన తన మాటను సైతము కొత్త సాక్ష్యము దొరకినపుడు దిద్దుకొనుచుండెను.

సేకరణ యెట్లు చేయవలెనో తెలియనివారి కొరకు 1874లో ఆయన ఒక చిన్న చేతిపుస్తకమును ప్రకటించెను. పక్షి చర్మమును ఎట్లు తీయవలెనో, ఎట్లు నిలువచేయవలెనో, ఎట్లు కట్టి పంపవలెనో అందు సులభముగ బోధించెను. తేదీయు స్థలమును లేని నమూనాకు విలువ లేదన్నది ఈ విద్యకు ప్రాణసూత్రము. అతిసామాన్యమైన పిచ్చుక నైనను, ఏ యూరిలో, ఏ దినమున, ఎట్టి చెట్టుపై చూచితిమో వ్రాసిననాడు అది శాస్త్రమగును. వ్రాయనినాడు ఎంతటి అపూర్వపక్షి యైనను కబురుగనే మిగిలిపోవును.

ఆయన తాను కూర్చుండి ఇతరులచే పని చేయించుకొనిన వాడు కాడు. సింధుదేశమునకును, అండమాను నికోబారు దీవులకును, లక్షదీవులకును పక్షులకొరకై పయనించెను. 1881లో మణిపురమునకు పోయి, ఎత్తైన గడ్డిలో దాగియుండు ఒక కౌజుపిట్టను శాస్త్రలోకమునకు తొలిసారిగ తెలిపెను. మార్షలు అను సైనికోద్యోగితో గూడి 1879 మొదలు 1881 వరకు వేటపక్షులను గూర్చి మూడు సంపుటములను వెలువరించెను.

ఇట్లుండగా ప్రభుత్వమునకును ఆయనకును పొసగదయ్యెను. రైతుల దురవస్థను గూర్చియు, ప్రభుత్వ వ్యవసాయనీతిని గూర్చియు ఆయన నిర్మొగమాటముగ మాటలాడుచుండుట పైవారికి కంటకమయ్యెను. 1879లో లిట్టన్ ప్రభువు కాలమున ఆయనను కార్యదర్శి పదవి నుండి తొలగించి అలహాబాదునకు పంపిరి. 1882లో ఆయన ఉద్యోగమును విడిచెను. ఇక తన మహాగ్రంథమును పూర్తిచేయుటకు తీరిక దొరకినదని తలచునంతలో పిడుగుపాటు వంటి విపత్తు సంభవించెను. ఆయన శీతకాలమున సిమ్లాలో లేని సమయమున, ఇంటి సేవకుడొకడు ఏండ్ల తరబడి కూడబెట్టిన వ్రాతప్రతులను చిత్తుకాగితములుగ బజారులో అమ్మివేసెను! ఇరువదియైదేండ్ల శ్రమ పొట్లముల పాలయ్యెను. ఆ గ్రంథము ఇక వెలువడలేదు. అప్పటికే దివ్యజ్ఞాన సమాజ ప్రభావమున శాకాహారియై, నమూనాలకై పక్షులను చంపుటను మానియుండిన ఆయన మనస్సు పక్షివిద్య నుండి మరలెను.

1885 వేసవిలో ఆయన తన యావత్ సేకరణను లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు దానమిచ్చెను. ఆ సంస్థ పక్షిశాఖకు చెందిన షార్పు పండితుడు స్వయముగ సిమ్లాకు వచ్చి, దేవదారు పలకల పెట్టెలు 47 కట్టించి, కొండ దింపించి, ఓడకెక్కించెను. పక్షులును గ్రుడ్లును కలిసి సుమారు 82,000 నమూనాలు! ఆసియా పక్షులకు సంబంధించి అంతటి సేకరణ ఆనాడు ప్రపంచమున వేరొకచోట లేకుండెను. అవి సిమ్లాలోనే యున్నచో వానకును పురుగునకును ఆహుతియయ్యెడివేమో. ఆ భయము ఆయనకు కలుగుటకు కారణము లేకపోలేదు. అయినను, మన యడవులలో మన వేటకాండ్రు వెదకి తెచ్చిన పక్షులను చూడవలెనన్న మన విద్యార్థి సముద్రములు దాటి పోవలసి వచ్చుట మనకు చింతాకరమే. వెలకు కొన్నది కాకపోయినను, పోయినది మన సొత్తే.

అదే సంవత్సరము ఆఖరున మహాసభ సమావేశమయ్యెను. 1883లో కలకత్తా విశ్వవిద్యాలయ పట్టభద్రులకు ఆయన వ్రాసిన లేఖతో ఆరంభమైన యా కృషిలో, పక్షి పత్రికను నడపిన పద్ధతియే మాకు కనబడుచున్నది. దేశమంతట తెలివిగలవారు ఎక్కడెక్కడ నున్నారో విచారించుట, వారికి జాబులు వ్రాయుట, ఒకరి సంగతి మరియొకరికి తెలుపుట, స్థానికానుభవములను ఒకచోట చేర్చి దేశానుభవముగ మార్చుట, ఇవియే గదా ఆయన పక్షుల విషయమున చేసినది! ఆ 72 మందిలో మన తెలుగువారైన పనప్పాకం ఆనందాచార్యులుగారును ఉండిరి. 1894లో హ్యూము మన దేశమును విడిచి స్వదేశమునకు పోయెను. అచ్చట వృక్షశాస్త్రమున నిమగ్నుడై, 1910లో దక్షిణ లండనులో ఒక వృక్షశాస్త్ర సంస్థను నెలకొల్పి, 1912 జూలై 31వ తేదీన కీర్తిశేషుడయ్యెను.

ఆయన పక్షి సభలోని కొరతను సైతము చెప్పక తప్పదు. పత్రికలో సంతకము చేసినవారు మిక్కిలిగ ఆంగ్లోద్యోగులే. గూడును చూపిన గొల్లవాడు, వలపన్నిన బోయవాడు, చర్మమొలిచి ఆరబెట్టిన పనివాడు, వీరి పేర్లు ఎక్కడో గాని కానరావు. అయితే పక్షిని ముందుగ నెరిగినవారు వారే. మన రాయలసీమ కలివికోడి చరిత్రయే ఇందుకు తార్కాణము. జెర్డన్ అను వైద్యుడు సేకరించిన యా పక్షి 1848లో శాస్త్రమునకెక్కెను. 1900 తరువాత అది యెవరికిని అగపడకపోవుటచే నశించినదనియే పండితులు తలచిరి. 1986లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు కడప జిల్లాలో వెదకగా, అది రాత్రివేట యెరిగిన ఒక స్థానికుని చేతికి సజీవముగ చిక్కెను. లంకమల పరిసరములలోని పొదలు దానికి నిలయమని లోకము అప్పుడు తెలిసికొనెను. గ్రామీణుని అడుగుట తెలిసిననాడు ఎనుబదియారేండ్ల చీకటి ఒక్కరాత్రిలో తొలగెను.

ఇట్టి వ్రాతలకు ఫలమేమని అడుగువారు కలరు. హ్యూము 1867లో సట్లెజి లోయలో సేకరించిన ఒక చిన్న రెల్లుపిట్టకు జత దొరకక, అది ప్రత్యేక జాతి యగునా కాదా యని పండితులు నూరేండ్లకు పైగా తర్కించిరి. 2006లో థాయిలాండు దేశమున సజీవమైన పక్షి పట్టువడగా, హ్యూము నమూనాతో పోల్చి అది ఆ జాతియేనని నిర్ధారించిరి. హిమాలయ కౌజుపిట్ట మాత్రము 1876 తరువాత నిశ్చయముగ నెవరికిని కనబడలేదు. మన రాబందుల సంగతి అంతకన్న శోచనీయము. పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు వలన అవి 1990 ప్రాంతము నుండి కుప్పకూలినవి. భరతపురమున ఏటేట లెక్కించినవారుండుట చేతనే ఆ క్షయము తెలియవచ్చినది. 2004లో కారణము కనుగొనబడినది. 2006లో పశువైద్యమున ఆ మందు నిషేధింపబడినది. లెక్కించువారు లేకున్నచో ఎరిగించువారెవరు?

నేడు ఈ విద్యకు తుపాకి అక్కరలేదు; దొరతనము అక్కరలేదు. ఒక దుర్భిణి, ఒక నోటుపుస్తకము, ఓర్పు చాలును. సూర్యోదయమునకు ముందే చెరువుగట్టు చేరి, రంగుకన్న ముందు కూతను వినుట, పరిమాణమును ముక్కును నడకను గుర్తించుట, ఎన్ని పక్షులున్నవో అన్నియే వ్రాయుట, అనుమానమున్నచో అనుమానమనియే వ్రాయుట, చూచినదానిని తోడివారితో పంచుకొనుట, గూటిని మాత్రము బయటపెట్టక రక్షించుట, ఇవియే దీని నియమములు. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితిగతుల నివేదిక, 30,000 మంది పరిశీలకులు చేర్చిన సుమారు 3 కోట్ల పరిశీలనల ఆధారమున 942 జాతుల మంచిచెడ్డలను విచారించినది. హ్యూము కలగన్న సభ ఇప్పుడు భారతీయుల సభయైనది. కొల్లేటి తీరవాసులు, పులికాటు పల్లెవారు, నల్లమల చెంచులు, పట్టణములందలి విద్యార్థులు ఇందు తమ పేర్లతో, తమ తెలుగు పక్షినామములతో పాల్గొనవలెను. మన యూరి చెరువున ఏ పక్షి దిగినదో మనకన్న ముందు పరదేశి చెప్పవలసిన దుర్గతి మరల రాకుండుగాక యని మా ఆకాంక్ష.