కాన్వాస్ బూట్లతో కొండదారిలో 3,300 కిలోమీటర్లు

మీ ఇంట్లో అరవై దాటినవాళ్లున్నారా? ఇంకా ఈ వయసులో కొండలెక్కడమేమిటని వెనకడుగు వేస్తున్నారా? అయితే ఈ కథ వాళ్లకు చదివి వినిపించండి. ట్రెక్కింగ్‌కు వెళ్లాలని ఉన్నా, ఏ బూట్లు నమ్మాలో తేలక ప్రయాణాన్నే వాయిదా వేస్తున్నది మీరే అయితే, మీరే చదవండి. 67 ఏళ్ల వయసులో మామూలు కాన్వాస్ బూట్లు వేసుకుని 3,300 కిలోమీటర్ల కొండదారి ఒంటరిగా నడిచిన ఎమ్మా గేట్‌వుడ్ జీవితమిది. అమెరికన్లు ఆమెను ముద్దుగా గ్రాండ్‌మా గేట్‌వుడ్ అంటారు.

దెబ్బల నుంచి అడవిలోకి

ఎమ్మా 1887 అక్టోబరు 25న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, గాలియా కౌంటీలో పుట్టారు. ఆ ఇంట్లో పిల్లలు పదిహేను మంది. తండ్రి అంతర్యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకున్న రైతు. ఎమ్మా చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. 19 ఏళ్లకు, 1907లో పెళ్లయింది. పదకొండు మంది పిల్లల్ని కన్నారు. వాళ్లను పెంచుతూనే పొలం పనులు, ఇంటి పనులు అన్నీ చేశారు.

బయటికి కనిపించనిది మరొకటుంది. భర్త ఆమెను దారుణంగా కొట్టేవాడు. పళ్లు విరిగిన రోజులున్నాయి, పక్కటెముక విరిగిన రోజులున్నాయి. 1939లో అలాంటి ఒక గొడవ తర్వాత పోలీసులు అరెస్టు చేసింది అతణ్ని కాదు, ఆమెనే! మూడు దశాబ్దాలకు పైగా సాగిన ఆ కాపురం 1941లో విడాకులతో ముగిసింది. ఆ ఏళ్లన్నిటిలో ఆమెకు ఊరట దొరికిన చోటు ఇంటి చుట్టుపక్కల అడవి. ఇంట్లో ఉండలేనప్పుడు చెట్ల మధ్యకు వెళ్లి నడిచేవారు. నడక ఆమెకు వ్యాయామంగా అలవాటైంది కాదు, ప్రాణం కుదుటపరుచుకునే దారిగా అలవాటైంది.

మొదటిసారి ఓటమే

1949లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో అపలాచియన్ ట్రెయిల్ గురించి వచ్చిన వ్యాసం ఆమె కంటపడింది. దక్షిణాన జార్జియా నుంచి ఉత్తరాన మెయిన్ వరకు 14 రాష్ట్రాల మీదుగా, కొండల వెంట సాగే కాలిబాట అది. దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊపులో, ఒంటరిగా నడిచిన ఆడమనిషి అప్పటికి లేరు. ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది.

1954లో మెయిన్‌లోని కటాడిన్ కొండ నుంచి బయల్దేరారు. కొద్ది రోజులకే దారి తప్పారు. కళ్లద్దాలు పగిలిపోయాయి. అటవీ సిబ్బంది వెతికి పట్టుకుని, ఇక ఇంటికి వెళ్లిపొమ్మన్నారు. మనలో చాలామంది అక్కడితో ఆగిపోతాం కదా! ఆమె ఆగలేదు. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాలనుకుని సాధన మొదలుపెట్టారు. ముందు ఇంటి చుట్టూ వీధిలో నడిచారు. రోజురోజుకీ కొంచెం కొంచెం దూరం పెంచుకుంటూ రోజుకు 16 కిలోమీటర్ల దాకా వచ్చారు. ఈ కథలో మీరు బూట్లకన్నా ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఎంత మంచి షూ అయినా సాధన లేని కాళ్లను కొండ దాటించలేదు.

భుజాన సంచీ, కాలికి కెడ్స్

1955 మే 3న జార్జియాలోని ఆగ్లథార్ప్ కొండ దగ్గర నడక ప్రారంభించారు. అలా కాస్త నడిచొస్తానని మాత్రమే పిల్లలకు చెప్పారు. డెనిమ్ గుడ్డతో తానే కుట్టుకున్న సంచీని ఒక భుజానికి వేసుకున్నారు. అందులో ఒక దుప్పటి, రెయిన్‌కోటు, వాన పడితే పైన కప్పుకోవడానికి స్నానాల గది ప్లాస్టిక్ కర్టెన్, తినడానికి ఎండుద్రాక్ష, వేరుసెనగ పప్పు, డబ్బాల్లో దొరికే చిన్న సాసేజీలు. మొత్తం బరువు పది కిలోల లోపే. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. కాళ్లకు కెడ్స్ కంపెనీ బూట్లు. పైన కాన్వాస్ గుడ్డ, కింద రబ్బరు సోలు, అంతే.

కొండలెక్కాలంటే బరువైన తోలు బూట్లే ఉండాలనుకునే కాలమది. తేలికపాటి బూట్లతో ఆమె అంత దూరం ఎలా నడవగలిగారు?

సమాధానం బరువులో ఉంది. పాదానికి తగిలించుకున్న బరువు, వీపు మీద మోసే అదే బరువుకన్నా దాదాపు నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శక్తిని తీసుకుంటుందని తర్వాతి కాలంలో జరిగిన పరిశోధనలు చెప్పాయి. కారణం తేలికే. ప్రతి అడుగుకూ ఆ బరువును పైకి లేపాలి, ముందుకు విసరాలి, మళ్లీ ఆపాలి. రోజుకు వేల అడుగులు! పైగా గుడ్డ బూటు తడిసినా త్వరగా ఆరుతుంది. తోలు బూటు ఒకసారి నానితే రోజుల తరబడి బరువుగానే ఉంటుంది. ఆ ఏడాది ఆగస్టులో కానీ, డయాన్ అనే రెండు తుపాన్లు తూర్పు తీరాన్ని ముంచెత్తినప్పుడు ఎమ్మా దారిలోనే ఉన్నారు. పొంగిన వాగులు దాటుతూ, తడిసిన బూట్లతోనే నడక సాగించారు. ఈరోజు దూరపు ట్రెక్కింగులు చేసేవాళ్లలో చాలామంది తోలు బూట్లు వదిలి ట్రెయిల్ రన్నింగ్ షూలకు మారడం వెనక ఉన్న కారణాలూ ఇవే.

సెప్టెంబరు 25న ఆమె కటాడిన్ శిఖరం ఎక్కారు. 146 రోజులు. రోజుకు సగటున 22 కిలోమీటర్ల పైనే. ఆ దారిని ఒకే విడతలో ఒంటరిగా పూర్తిచేసిన మొదటి మహిళ ఆమే.

నమ్మకమైన షూ అంటే ఏది?

ఆ ప్రయాణంలో ఎమ్మా ఆరేడు జతల బూట్లు అరగదీశారు. లెక్క వేసి చూడండి. ఒక్కో జత సుమారు 500 కిలోమీటర్లు. ఇప్పటి ట్రెయిల్ షూలను కూడా 500 నుంచి 800 కిలోమీటర్లకు మార్చమంటారు. అంటే, నమ్మకమైన షూ అంటే ఎప్పటికీ చెక్కుచెదరనిది కాదు. మీ పాదానికి సరిపోయేది, దాని పని అయిపోగానే మీరు మొహమాటం లేకుండా పక్కన పెట్టగలిగేది. పైన చూడటానికి కొత్తగానే ఉన్నా, లోపలి మెత్తటి ఫోమ్ నలిగిపోతే ఆ భారమంతా మీ మోకాళ్లు, మడమలు మోయాలి.

అలాగని మీరూ చదునైన కాన్వాస్ బూట్లతో కొండలెక్కమని కాదు. వాటిలో పాదం వంపుకు ఆసరా ఉండదు, తడి రాళ్ల మీద పట్టు తక్కువ. ఇవాళ మనకు అంతకన్నా మంచివి దొరుకుతున్నాయి. కొనేటప్పుడు ఇవి చూసుకోండి.

సాయంత్రం పూట కొనండి. పగలంతా తిరిగాక పాదాలు కాస్త ఉబ్బుతాయి. కొండదారిలోనూ అలాగే ఉబ్బుతాయి.

ట్రెక్‌లో వేసుకునే సాక్సుతోనే షూ తొడిగి చూడండి. నూలు సాక్సు చెమట పీల్చుకుని తడిగానే ఉండి బొబ్బలు తెప్పిస్తుంది. ఉన్ని లేదా సింథటిక్ సాక్సు మేలు.

పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. దుకాణంలో మెట్లుంటే దిగి చూడండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు కొట్టుకుంటే ఆ సైజు వద్దు. గోళ్లు నల్లబడేది అందుకే. నడిచేటప్పుడు మడమ లేచిపోకూడదు.

సోలు తిరగేసి చూడండి. టైరు గాట్లలా లోతైన రబ్బరు పళ్లుండాలి. వేళ్ల దగ్గర గట్టి రబ్బరు అంచు ఉంటే రాయి తగిలినా దెబ్బ తగలదు.

వాటర్‌ప్రూఫ్ అన్న మాటకే పడిపోవద్దు. పైనుంచి నీళ్లు లోపలికి వెళితే అవి త్వరగా ఆరవు. మన వానల్లో గాలి ఆడే జాలీ షూలే చాలాసార్లు నయం. మంచులో నడిచేవాళ్లకు, ఎక్కువ బరువు మోసేవాళ్లకు, చీలమండ తరచూ మడతపడేవాళ్లకు మాత్రం ఎత్తు బూట్లే మంచివి.

పోయినసారి కొన్న మోడలే కదా అని చూడకుండా తెప్పించుకోవద్దు. పేరు అదే ఉన్నా కొత్త రకంలో ఆకారం మారిపోతుంటుంది. కొన్న షూతో నేరుగా కొండకు వెళ్లకండి. కనీసం రెండు మూడు వారాలు రోజువారీ నడకలో వాడండి.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే మరో జాగ్రత్త. పాదాల్లో స్పర్శ తగ్గితే బొబ్బ వచ్చినా తెలియదు. డాక్టరుకు పాదాలు చూపించాకే దూరపు నడక మొదలుపెట్టాలి. నడిచిన ప్రతిరోజూ రాత్రి పాదాలు, వేళ్ల సందులు చూసుకోవాలి.

చివరి దాకా నడకే

ఎమ్మా ఒక్కసారితో ఆపలేదు. 1957లో అదే దారిని మళ్లీ పూర్తిగా నడిచారు. 1964 నాటికి విడతలవారీగా మూడోసారీ ముగించి, ఆ దారిని మూడుసార్లు నడిచిన తొలి మనిషి అయ్యారు. మధ్యలో 1959లో, 71 ఏళ్ల వయసులో, మిస్సోరీ నుంచి ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ దాకా పాత వలస బాట వెంట సుమారు 3,200 కిలోమీటర్లు 95 రోజుల్లో నడిచారు. సొంత రాష్ట్రంలో బక్‌ఐ ట్రెయిల్ అనే కాలిబాట ఏర్పాటుకూ చేయి కలిపారు. 1973 జూన్ 4న, 85వ ఏట కన్నుమూశారు. ఒహాయోలోని హాకింగ్ హిల్స్‌లో ఒక కాలిబాటకు ఆమె పేరు పెట్టారు.

అట్లాంటాలోనో, న్యూజెర్సీలోనో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే అమ్మానాన్నలు మనలో ఎంతోమంది. ఎమ్మా నడిచిన దారి ఆ రెండు రాష్ట్రాల గుండా పోతుంది. ఈసారి వెళ్లినప్పుడు ఒక పూట అందులో కొంత దూరం నడిచి రావచ్చు. దానికి సాధన మీ వీధిలోనే, ఈ వారమే మొదలుపెట్టండి. ముందుగా ఈ సాయంత్రం మీ నడక బూట్లు తిరగేసి, సోలు ఎంత అరిగిందో ఒకసారి చూడండి.