ఫెజ్ నగరపు పుణ్యవనిత ఫాతిమా అల్ ఫిహ్రీ

మొరాకో దేశంలోని ఫెజ్ నగరంలో, ప్రాకారం లోపలి పాతబస్తీని అక్కడివారు మదీనా అంటారు. మోటారు వాహనాలు పట్టని ఇరుకు సందులు. సామాన్లు మోసేవి గాడిదలే. స్థానికుడైన గైడు తోడు లేనిదే కొత్తవారికి దారి దొరకదు. తోళ్ళు ఊనే రంగుల తొట్లు, రాగి పాత్రల బజారు చూపించి, గైడు యాత్రికులను ఒక పెద్ద మసీదు వాకిట నిలబెడతాడు. అదే జామె అల్ ఖరవియ్యీన్. ముస్లిమేతరులు వాకిట్లోనే ఆగిపోతారు. మనవాళ్ళు లోపలికి వెళ్ళి నమాజు చేసుకోవచ్చు. దీన్ని కట్టించింది ఒక స్త్రీ అని గైడు చెబితే విన్నవారు ఆశ్చర్యపోతారు.

ఆమె పేరు ఫాతిమా. తండ్రి ముహమ్మద్ అల్ ఫిహ్రీ. స్వస్థలం నేటి ట్యునీషియాలోని ఖైరవాన్. క్రీ.శ. 9వ శతాబ్దం తొలినాళ్ళలో అక్కడి నుంచి అనేక కుటుంబాలు ఫెజ్‌కు వలస వచ్చాయి. నదికి ఒక గట్టున వారు, రెండో గట్టున ఉందులుస్ నుంచి వచ్చినవారు స్థిరపడ్డారు. ఖైరవాన్ వారి పేటలో వెలసింది కనుకనే మసీదుకు ఆ పేరు వచ్చింది.

తండ్రి మరణానంతరం ఆస్తి ఫాతిమాకు, ఆమె సోదరి మర్యమ్‌కు సంక్రమించింది. ఆ సొమ్ముతో ఫాతిమా స్థలం కొని, హిజ్రీ 245 (క్రీ.శ. 859) రంజాన్ నెల మొదటి రోజున పని మొదలుపెట్టించింది. రాయి, ఇసుక ఆ స్థలంలోనే తవ్వించింది. నీటికి అక్కడే బావి తీయించింది. సందేహాస్పదమైనదేదీ అల్లాహ్ గృహంలో కలవకూడదని ఆమె పట్టుదల. పని ముగిసేవరకు ఉపవాసాలు పాటించింది. మర్యమ్ అవతలి గట్టున ఉందులుస్ మసీదు కట్టించింది. 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ అబీ జర్ ఈ వివరాలు రాశాడు. మసీదులో బయటపడిన ఒక పాత శాసనంలో ఇద్రీసీ వంశీయుడు దావూద్ పేరు ఉన్నందున కొందరు పరిశోధకులు దీన్ని సందేహిస్తారు. ఫెజ్ ప్రజలు మాత్రం తరతరాలుగా ఫాతిమానే తలచుకుంటున్నారు.

తర్వాతి పాలకులు మసీదును విస్తరించారు. అది గొప్ప విద్యాకేంద్రమైంది. ఇబ్న్ ఖల్దూన్ తన చరిత్ర గ్రంథం ప్రతిని అక్కడి గ్రంథాలయానికి ఇచ్చాడు. 1963లో ఆ విద్యాసంస్థ ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థలో చేరింది. యునెస్కో 1981లో ఫెజ్ పాతబస్తీని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

ఫాతిమా దానశీలాన్ని మనం మెచ్చుకుంటాం. ఆమె చేతికి ఆ సొమ్ము ఎలా వచ్చిందో మాత్రం ఆలోచించం. షరీఅత్ ఆడబిడ్డకు నిర్ణయించిన వాటా ఆమెకు దక్కింది. అందుకే ఆమె దానం చేయగలిగింది. మన ఇళ్ళలో జరుగుతున్నదేమిటి? పెళ్ళికి ఖర్చు పెట్టాం కదా అని అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ వాటా ఎగ్గొడుతున్నారు. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయంతో వారు నోరు మెదపకుండా హక్కు వదులుకున్నట్లు సంతకాలు చేస్తున్నారు. సూరె నిసాలో అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన వాటా అది. అన్నదమ్ములు దయతలచి ఇచ్చేది కాదు. కట్నకానుకలు దానికి బదులు కావు.

ఆ వాటా దక్కితే మన ఆడపడుచుల్లో ఎందరు తమ పిల్లలను చదివించుకునేవారో, ఎందరు ఒక మక్తబ్‌కు గది కట్టించేవారో! ఫాతిమా సదఖ-ఎ-జారియాలో ఆమె తండ్రికీ పుణ్యం చేరుతుందని ఆశిద్దాం. మన ఆడబిడ్డల హక్కును సంతోషంగా వారి చేతిలో పెట్టే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.