కాటన్ దొరకు ఇసుకలో పునాది నేర్పిందెవరు?

బందరు, గుడివాడ, దివిసీమ రైతులకు సర్ ఆర్థర్ కాటన్ పేరు కొత్త కాదు. బెజవాడ దగ్గర కృష్ణపై తొలి ఆనకట్టను కూడా ఆయనే కట్టించారని మన పల్లెల్లో చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పని దగ్గరుండి చేయించినవారు కెప్టెన్ ఓర్. అయితే అందుకు కావలసిన విద్య కాటన్ ద్వారానే ఇటు వచ్చింది. ఆ విద్య ఇంగ్లండులో పుట్టినది కాదు, మన దక్షిణాది కూలీలు, మేస్త్రీల సొత్తు.

కాటన్ 1803 మే 15న జన్మించారు. ఇంజనీరింగ్ శిక్షణ పొంది 1821లో మద్రాసు చేరారు. కొన్నేళ్లకు కావేరి నది పనులు ఆయనకు అప్పగించారు. అప్పటికి కావేరి నీరంతా కొల్లిడం పాయలోకి మళ్లి తంజావూరు పొలాలు ఎండుతున్నాయి. గట్టి నేల తగిలితే తప్ప పునాది వేయరాదని దొరలు నమ్మే రోజులవి. ఆ నదిలో ఎంత తవ్వినా ఇసుకే.

అక్కడే చోళరాజుల నాటి కల్లణై ఆనకట్ట శతాబ్దాలుగా చెక్కుచెదరక నిలిచి ఉంది. కాటన్ దానిని శ్రద్ధగా పరిశీలించారు. ఇసుకలో బండరాళ్లు పడవేస్తే వరద కోతకు అవి కొంత దిగుతాయి. దిగిన కొద్దీ పైన మళ్లీ రాళ్లు వేస్తూ పోతే ఒకనాటికి అవి కదలక నిలుస్తాయి. ఆ పైన కట్టడం లేపవచ్చు. ఈ కిటుకు ఆధారంగా 1836లో కొల్లిడంపై ఆయన ఆనకట్ట పూర్తి చేశారు. ఇసుకలో పునాది వేయడం ఈ దేశపు పాతకాలపు పనివారి నుంచే నేర్చుకున్నామని తర్వాత తన రాతల్లో నిస్సంకోచంగా ఒప్పుకున్నారు.

1832-33 డొక్కల కరువుకు గుంటూరు, బందరు సీమలు అల్లాడాయి. పక్కనే నదులు సముద్రంలోకి పోతుండగా జనం ఆకలితో చచ్చిపోయారు. కంపెనీ వారికి శిస్తు లెక్కలే ముఖ్యం. ఖర్చుకు వారిని ఒప్పించడానికి కాటన్ ఎంతో పోరాడవలసి వచ్చింది. చివరకు 1847లో ధవళేశ్వరం పని మొదలైంది. కూలీలను, సామగ్రిని సమకూర్చడంలో వీణెం వీరన్న ఆయనకు కుడిభుజంగా నిలిచి రాయ్ బహదూర్ బిరుదు పొందారు.

మరుసటి ఏడే కాటన్ ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వెళ్లవలసి వచ్చింది. పెద్ద దొర లేడని పని ఆగలేదు. ఆయన కింద పని నేర్చిన ఓర్ బాధ్యత తీసుకున్నారు. 1852లో గోదావరి ఆనకట్ట పూర్తయింది. అదే సంవత్సరం ఓర్ బెజవాడలో కృష్ణ పని ప్రారంభించి 1855లో ముగించారు. కావేరి ఇసుకలో నేర్చిన పాఠం గోదావరి మీదుగా కృష్ణకు చేరిందన్నమాట. తెలిసినది ఒకరి గుప్పిట్లోనే ఉండిపోతే ఇది జరిగేది కాదు.

కాటన్ 1861లో సర్ బిరుదు పొందారు. 1899 జూలై 24న, తొంభై ఆరేళ్ల వయసులో ఇంగ్లండులో కన్నుమూశారు. పాత ఆనకట్ట స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. నేడు డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. పులిగడ్డ అక్విడక్టు మీదుగా నీరు దివిసీమ శివారు దాకా పోతోంది.

ఏ లాకు ఎంత ఎత్తితే ఏ చివరి చేనుకు ఎన్నాళ్లకు తడి అందుతుందో, ఏ గట్టు ఏ వరదకు బలహీనపడుతుందో కాలువ వెంట తిరిగిన లస్కర్లకు, ముసలి రైతులకు తెలుసు. వారు పోతే ఆ తెలివీ పోతుంది. నాడు కాటన్ కల్లణై వద్ద చేసినట్లు, నేటి అధికారులు వారి నోట విని దస్త్రాలకు ఎక్కించవలసిన అవసరం ఎంతైనా ఉంది. శివారు రైతుకు నీరందేది అప్పుడే.