నరముల కంతుల గుట్టు తెలిపిన రెక్లింగ్‌హౌజెన్

విద్యార్థులారా! మన నౌబాదు కరేజును మీరెల్లరు చూచియుందురు. పైన నడచువానికి దూరదూరముగా బావినోళ్లు మాత్రమే కనబడును. వానిని కలుపు సొరంగము భూమిలోపల దాగియుండును. చర్మముపై లేచిన కంతుల క్రింద అట్టి దారి యొకటి కలదని నిరూపించిన వైద్యుని చరిత్ర యిది.

ఫ్రీడ్రిక్ ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ 1833 డిసెంబరు 2వ తేదీన, ప్రష్యా రాజ్యమందలి గ్యూటర్స్‌లో పట్టణమున జన్మించెను. 1855లో వైద్యపట్టము పొంది, బెర్లినులో విర్షో పండితునివద్ద సహాయకుడయ్యెను. పిదప కోనిగ్స్‌బర్గు, వ్యుర్ట్స్‌బుర్గు నగరములలో ఆచార్యత్వము నెరపి, 1872లో స్ట్రాస్‌బుర్గు చేరెను. అంతకు ముందటి యేడే ఆ నగరము ఫ్రాన్సునుండి జర్మనీకి సంక్రమించినది. ఏలుబడి మారిన సీమలో రెండు భాషల నడుమ బ్రతుకుట యెట్టిదో, 1956లో హైదరాబాదును వీడి మైసూరున చేరిన బీదరు వారికి వేరుగ చెప్పవలెనా?

1882లో గురువుగారి సంస్థ యిరువదియైదేండ్ల యుత్సవమునకు కానుకగా ఆయన యొక గ్రంథము వ్రాసెను. ఒళ్లంతయు మెత్తని కంతులు లేచిన యిద్దరు రోగుల వృత్తాంత మందు కలదు. ఇట్టివారిని పూర్వులును చూచియుండిరి. 1849లో డబ్లినులో స్మిత్ వైద్యుడు వర్ణించియు నుండెను. కాని సూక్ష్మదర్శినితో వెదకి, చర్మపు కంతికిని నరపు కంతికిని గల సంబంధమును స్థాపించినవాడు రెక్లింగ్‌హౌజెనే. ఆ వ్యాధికి ఆయన పేరే పెట్టిరి.

తల్లిదండ్రులు గమనింపవలసిన మాట యొకటి. ఇది కుష్ఠు కాదు. తాకిన అంటునది కాదు. సుమారు 3,000 మంది శిశువులలో ఒకరికి పుట్టుకతో వచ్చును. రోగులలో దాదాపు సగము మందికి తల్లిదండ్రు లిరువురిలో నెవ్వరికిని ఈ వ్యాధి యుండదు. అట్టి బాలుని ప్రక్క కూర్చుండ వెఱచు పిల్లలుండిరేని, ఆ తప్పు పిల్లలది కాదు, వారికి చెప్పని పెద్దలది.

ఆయన 1910 ఆగష్టు 26న స్ట్రాస్‌బుర్గులోనే కన్నుమూసెను. నరపు తొడుగు కణములనుండియే పుట్టు కంతులు వేరుగ కలవని వెరోకే పండితుడు వెల్లడించినదియు ఆ యేడే.

ఆయన పూర్వము బోధించిన వ్యుర్ట్స్‌బుర్గులోనే 1895లో ఎక్స్‌రే పుట్టినది. నేడు అంతకంటె మిన్నయైన స్కానులు వచ్చినవి. అయినను చిక్కు తీరలేదు. క్యాన్సరు చక్కెరను ఎక్కువగా పీల్చుకొనునని, ఆ పీల్చిన చోటు వెలుగునట్లు పెట్ స్కాను తీయుదురు. నిరపాయమైన తొడుగు కంతియు ఒక్కొక్కప్పుడు అట్లే వెలుగును. ఏండ్ల తరబడి నిలిచిన కంతి లోపల నీరుపట్టి, సున్నము పేరుకొని, చూపునకు భయంకరముగ నుండును. దానిని క్యాన్సరని భ్రమించి నరముతోకూడ కోసివేసినచో, చేయి చచ్చుబడిపోవచ్చును. నిరపాయమని ముందే తెలిసెనా, నేర్పరియైన శస్త్రవైద్యుడు తరచుగా నరమును నిలిపి కంతిని మాత్రము ఒలిచి తీయగలడు. ఇందుకు విరుద్ధమును కలదు: లోతుననున్న కంతి యొకటి వేగముగ పెరిగి నొప్పిపెట్టినచో, నిజముగనే చెడుదారి పట్టియుండవచ్చును. కావున సూదితో చిన్న ముక్క తీసి, పలుచని పొరలుగా కోసి, రంగుపట్టించి సూక్ష్మదర్శినిక్రింద పెట్టుదురు. రెక్లింగ్‌హౌజెన్ స్ట్రాస్‌బుర్గున చేసిన పనియు నిదియే.