మరియా కసారెస్

స్పెయిను దేశమున లా కొరూనా రేవుపట్టణములో 1922 నవంబరు 21వ తేదీన మరియా కసారెస్ జన్మించినది. తండ్రి శాంతియాగో కసారెస్ కిరోగా 1936లో ఆ దేశమునకు ప్రధానమంత్రి. ఆ జూలైలో సైన్యము తిరుగబడగా ఆయన పదవిని వీడెను, అంతర్యుద్ధము చెలరేగినది. పదమూడేండ్ల మరియా మాడ్రిడ్ ఆసుపత్రిలో క్షతగాత్రులకు పరిచర్య చేసి, ఆ యేడు ముగియక మునుపే తల్లితో పారిస్ చేరినది.

నిన్నటి ప్రధాని కుమార్తె నేడు కాందిశీకురాలు. నాటకకళపై మక్కువ మెండు. కాని నాలుకపై ఫ్రెంచి పలుకు నిలువదు. కళాశాల ప్రవేశపరీక్షలో ఆ ఉచ్చారణయే అడ్డుగోడ యైనది. ఆమె నిరాశ చెందక, అహోరాత్రములు సాధన చేసి, మరల పరీక్షకు నిలిచి ప్రవేశము పొందినది.

1942లో మాతురాన్ నాటకశాలలో, ఐరిష్ రచయిత సింజ్ నాటకమున డీర్‌డ్రె పాత్ర ధరించి పారిస్ రసికుల మెప్పు గడించినది. 1945లో మార్సెల్ కార్నే చిత్రమున శాంతమూర్తి యగు నతాలీగను, రాబర్ట్ బ్రెస్సన్ చిత్రమున పగబూనిన హెలెన్‌గను కనిపించినది. 1950లో కాక్తో నిర్మించిన 'ఓర్ఫే'లో మృత్యువే ఆమె రూపు దాల్చినది.

జన్మభూమి రంగస్థలము నెక్కుటకు 1976 వరకు వేచియుండవలసి వచ్చెను. 1996లో ఆమె కన్నుమూసినది. ఏ పలుకు దోషమని తలుపు మూయబడెనో, ఆ పలుకే ఫ్రెంచి నాటకరంగమునకు అలంకారమైనది.